త్రిధార నాడి నొప్పి: సూదితో చేసే శస్త్రచికిత్సను ఎంచుకునే ముందు

పెద్ద కోత లేకుండా చేసే శస్త్రచికిత్స అన్న మాట చెవిన పడగానే రోగికీ ఇంటివారికీ మొదట కలిగేది ఊరట. పుర్రె తెరవనక్కర లేదని, కుట్లు ఉండవని, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవచ్చని వారు అనుకుంటారు, అందులో చాలావరకు నిజమూ ఉంది. అయితే ముఖంలో మెరుపులా కొట్టే నరాల నొప్పి విషయంలో ఆ మాట చర్మం మీద పడే గాటు ఎంతటిదో చెబుతుందే గాని, లోపల నాడికి ఏమి జరుగుతుందో చెప్పదు. చెంపలో సూది గుచ్చి చేసే పద్ధతులన్నీ నాడిని కావాలని కొంత గాయపరిచి నొప్పిని ఆపుతాయి. చెవి వెనక ఎముకను తెరిచి చేసే శస్త్రచికిత్స శరీరానికి పెద్ద శ్రమే అయినా, నాడిని గాయపరచకుండా దాని మీది ఒత్తిడిని తీసివేస్తుంది. ఈ తేడా తెలియకుండా గాటు పరిమాణాన్ని చూసి తీసుకున్న నిర్ణయం తరవాత బాధపెట్టవచ్చు కాబట్టి, ఈ అధ్యాయం ఆ తేడా చుట్టూనే నడుస్తుంది.

మెదడు నుంచి నేరుగా బయలుదేరే పన్నెండు జతల కపాల నాడులలో అయిదవదాన్ని త్రిధార నాడి అంటారు. ముఖానికి స్పర్శనిచ్చేది ఇదే. ముఖ కండరాలను కదిలించేది ఏడవ నాడి. అది దెబ్బతిన్నప్పుడు మూతి వంకరపోతుంది తప్ప ఇలాంటి నొప్పి రాదు కాబట్టి, ఆ రెంటినీ ఒకటిగా భావించకూడదు. త్రిధార నాడి మెదడుకాండం పక్క నుంచి బయటికి వచ్చి, పుర్రె అడుగున గాసీరియన్ గ్రంథి అనే నాడీకణాల ముడిగా ఏర్పడి, అక్కడి నుంచి మూడు పాయలుగా చీలుతుంది. మొదటి పాయ నుదుటికి, కంటికి, రెండవది చెంపకు, ముక్కు పక్కకు, పై దవడకు, మూడవది కింది దవడకు, కింది పళ్లకు, నమిలే కండరాలకు చేరుతాయి. సూదితో చేసే చికిత్సలన్నిటికీ గురి ఆ ముడి, దాని వెనకనే ఉన్న నాడి వేళ్లు.

ఈ నాడికి వచ్చే జబ్బును వైద్యులు ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. నొప్పి దాదాపు ఎప్పుడూ ముఖానికి ఒక పక్కనే, ఎక్కువగా రెండవ, మూడవ పాయలలో, కరెంటు షాకు కొట్టినట్టు క్షణంలో వచ్చి, క్షణం నుంచి రెండు నిమిషాల లోపు ఆగిపోతుంది, మళ్లీ వస్తుంది. దీన్ని గుర్తుపట్టడానికి నొప్పి తీవ్రత కంటే అది దేనివల్ల మొదలవుతుందన్నదే మంచి ఆనవాలు, ఎందుకంటే గట్టిగా నొక్కితే రాని నొప్పి మెత్తగా తాకితే వస్తుంది. ముఖం కడుక్కునేటప్పుడు వేలి కొన తగలడం, పళ్లు తోముకోవడం, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడం, గడ్డం గీసుకోవడం, ముక్కుపుడక సర్దుకోవడం, బండి మీద పోతుంటే ఎదురుగాలి కొట్టడం, ఒక్కోసారి ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడటం కూడా చాలు. అందుకే ఈ జబ్బున్నవారు ఎండాకాలంలో సైతం చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకుంటారు, భోజనం ముందు కూర్చుని ముద్ద కలిపి, దాన్ని నోటిదాకా తెచ్చి ఆగిపోతారు, నెలల తరబడి ఆ పక్క పళ్లు తోమరు. నొప్పి తగ్గిందా లేదా అని అడిగే వైద్యుడి కంటే, నిన్న అన్నం ఎలా తిన్నారని అడిగే వైద్యుడికి ఈ జబ్బు త్వరగా అర్థమవుతుంది.

నొప్పి దవడలో ఉంటుంది కాబట్టి రోగి మొదట పంటి వైద్యుడి దగ్గరికే వెళతాడు, అందులో తప్పు లేదు. తప్పంతా ఆ తరవాత జరుగుతుంది. ఎక్స్‌రేలో పన్ను బాగానే కనిపించినా రూట్ కెనాల్ చేయించుకోవడం, అప్పటికీ తగ్గకపోతే ఆ పన్ను పీకించుకోవడం, నొప్పి పక్క పంటికి మారినట్టనిపిస్తే దాన్నీ పీకించుకోవడం ఈ జబ్బు చరిత్రలో అతి తరచుగా కనిపించే విషాదం. పిప్పి పన్ను నొప్పి సాధారణంగా వేడికీ చల్లదనానికీ లేస్తుంది, సలుపుతుంది, రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. త్రిధార నాడి నొప్పి తాకితే కొట్టి వెంటనే వదిలేస్తుంది, నిద్రలో చాలామందిని లేపదు. ఈ తేడాను పంటి వైద్యుడికి మాటల్లో స్పష్టంగా చెప్పగలిగిన రోగి ఒకటి రెండు మంచి పళ్లను కాపాడుకోగలడు.

శస్త్రచికిత్స ఆలోచన రాకముందే తేలవలసిన విషయం మరొకటి ఉంది. మంట, సలపరం, బిగుతు రోజంతా వదలకుండా ఉండే ముఖం నొప్పి వేరు. సర్పి పొక్కులు వచ్చి తగ్గిన తరవాత మిగిలే నొప్పి కూడా వేరు. నాడిని గాయపరిచే చికిత్స వీటిని తగ్గించకపోగా పెంచవచ్చు. అందువల్ల రోగ నిర్ధారణ ప్రధానంగా రోగి మాట మీద, ఆపైన ఎంఆర్ఐ మీద ఆధారపడుతుంది. నాడినీ దాని పక్క రక్తనాళాలనూ విడివిడిగా చూపే సన్నని పొరల ఎంఆర్ఐ తీయించుకోవడం ముఖ్యం. కణితి గాని, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీ పొర జబ్బు గాని కారణమైతే అది అందులోనే బయటపడుతుంది. వయసులో చిన్నవారికి ఈ నొప్పి వచ్చినా, రెండు పక్కలా వచ్చినా, ముఖం ముందే మొద్దుబారి ఉన్నా ఈ కారణాల కోసం మరింత పట్టుదలగా వెతకాలి.

మొదటి చికిత్స మందే. మూర్ఛ కోసం తయారైన కార్బమాజెపిన్ ఈ నొప్పికి పనిచేస్తుందని 1962లో తేలింది, అప్పటి నుంచి నేటిదాకా మొదటి స్థానం దానిదే. దానికి దగ్గరి బంధువైన ఆక్స్‌కార్బజెపిన్ కూడా అంతే తరచుగా వాడుకలో ఉంది. మామూలు నొప్పి మాత్రలు ఈ జబ్బు మీద దాదాపు పనిచేయవు, కార్బమాజెపిన్ వేసుకున్న కొన్ని రోజులకే తెరిపి కలగడం రోగ నిర్ధారణకు ఒక రుజువు లాంటిది. అయితే ఈ మందుకు మూల్యం ఉంది. మగతగా ఉండటం, తూలడం, మాట తడబడటం, రక్తంలో సోడియం పడిపోవడం, తెల్లకణాలు తగ్గడం జరగవచ్చు కాబట్టి రక్త పరీక్షలు అప్పుడప్పుడు చేయించుకోవాలి. చర్మం పొక్కి ఊడిపోయే ప్రమాదకరమైన ప్రతిచర్య కొందరిలో ఒక జన్యు లక్షణం వల్ల వస్తుంది, ఆ లక్షణం ఆసియా మూలాలున్నవారిలో ఎక్కువ కాబట్టి, మందు మొదలుపెట్టే ముందు ఆ జన్యు పరీక్ష అవసరమా అని వైద్యుణ్ణి అడగడం మంచిది. మందు మొదలైన తొలి వారాలలో ఒంటి మీద దద్దురు గాని నోటిలో పుండ్లు గాని కనిపిస్తే ఆ రోజే వైద్యుడికి చెప్పాలి. సరైన మోతాదు అందినా నొప్పి ఆగనప్పుడు, లేదా నొప్పి ఆగినా మగత వల్ల మనిషి పనికి దూరమైనప్పుడు శస్త్రచికిత్స గురించి మాట్లాడే సమయం వచ్చినట్టు. మందుతో ఏళ్ల తరబడి పోరాడి, శరీరం పూర్తిగా నీరసించాక చివరి మార్గంగా శస్త్రచికిత్సకు వెళ్లాలన్న నియమమేదీ లేదు.

సూదితో చేసే పద్ధతులు మూడు. మూడింటికీ దారి ఒకటే. నోటి మూలకు సుమారు మూడు సెంటీమీటర్లు పక్కగా, చెంప మీద సూది దిగుతుంది. వైద్యుడు చేతి తొడుగు వేసుకున్న చూపుడు వేలిని రోగి నోటిలో పెట్టి, సూది చెంప లోపలి పొరను చీల్చి నోటిలోకి రాకుండా వేలితో కనిపెట్టుకుంటూ, కంటిపాప వైపు, చెవి ముందు భాగం వైపు రెండు ఊహారేఖలు గీసుకుని, అవి కలిసే చోటికి సూదిని పైకి, లోపలికి నడిపిస్తాడు. అక్కడ పుర్రె అడుగున కోడిగుడ్డు ఆకారపు రంధ్రం ఒకటి ఉంటుంది. దాని పొడవు సుమారు 7 మిల్లీమీటర్లు, వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. త్రిధార నాడి మూడవ పాయ పుర్రె నుంచి బయటికి వచ్చే ద్వారం అదే. ఆపరేషన్ గదిలో అందరూ సీ-ఆర్మ్ అని పిలిచే ఎక్స్‌రే యంత్రం తెర మీద చూస్తూ వైద్యుడు సూదిని ఆ ద్వారం గుండా గాసీరియన్ గ్రంథి దగ్గరికి చేరుస్తాడు. జర్మన్ వైద్యుడు ఫ్రిట్జ్ హార్టెల్ ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్లలో చూపిన ఈ మార్గాన్నే నూరేళ్లు దాటినా వైద్యులు అనుసరిస్తున్నారు. రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని ఎన్ని రోజుల ముందు ఆపాలో గుండె వైద్యుడితో కూడా మాట్లాడి తేల్చుకోకుండా ఈ బల్ల ఎక్కకూడదు.

మొదటి పద్ధతి రేడియో తరంగాల వేడితో నాడి పోగులను కాల్చడం. దీన్ని విలియం స్వీట్, జేమ్స్ వెప్సిక్ 1974లో స్థిరమైన రూపానికి తెచ్చారు. ఇందులో రోగి పూర్తిగా నిద్రపోడు. సూది దిగేటప్పుడు కొద్దిసేపు మత్తు ఇచ్చి, సూది చేరాక లేపి, సూది కొన నుంచి చాలా తక్కువ విద్యుత్తు పంపి, జుమ్ముమని ఎక్కడ అనిపిస్తోందని అడుగుతారు. రోజూ నొప్పి కొట్టే చోటే అనిపిస్తోందని రోగి చెబితే గురి సరిపోయినట్టు, నుదుటి వైపు అనిపిస్తే సూదిని సర్దవలసి ఉన్నట్టు. ఆ తరవాత మళ్లీ కొద్ది మత్తు ఇచ్చి సుమారు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ వేడిని ఒక నిమిషం లేదా కొంచెం ఎక్కువసేపు ఇస్తారు, మళ్లీ లేపి సన్నని సూదితో చెంపను తాకి చూస్తారు. మూడు పాయలలో కావలసిన పాయను మాత్రమే ఎంచుకోగలగడం ఈ పద్ధతి గొప్పదనం, అయితే అది వైద్యుడి చేతి నైపుణ్యం మీద ఎంత ఆధారపడుతుందో బల్ల మీద ఉన్న రోగి ఓపికగా, సరిగ్గా ఇచ్చే జవాబుల మీద కూడా అంతే ఆధారపడుతుంది. ఈ సంగతి ముందు రోజే రోగికి విడమరచి చెప్పడం వైద్యుడి బాధ్యత. చెప్పకపోతే అడగడం రోగి హక్కు.

రెండవది బెలూన్ పద్ధతి. షికాగోలో సీన్ ములన్, టెరీ లిక్టర్ 1983లో దీన్ని ప్రచురించారు. రోగికి పూర్తి మత్తు ఇస్తారు. కొంచెం లావు సూది గుండా సన్నని గొట్టాన్ని పంపి, దాని కొనన ఉన్న చిన్న బెలూన్‌లోకి ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని ఒక మిల్లీలీటరు లోపు నింపుతారు. బెలూన్ ఉబ్బి, గ్రంథి ఉండే సన్నని గుహను నింపి, దాని వెనక ద్వారంలోకి కొంచెం పొడుచుకురావడం వల్ల తెర మీద బేరిపండు ఆకారం కనిపిస్తుంది. ఆ ఆకారం కనిపించినప్పుడే బెలూన్ సరైన చోట ఉన్నట్టు. గుండ్రంగానో పొడుగ్గానో కనిపిస్తే గాలి తీసినట్టు ద్రవాన్ని తీసి, మళ్లీ సర్దుతారు. ఒత్తిడి ఒకటి, ఒకటిన్నర నిమిషం మాత్రమే ఉంటుంది. ఆ సమయంలో గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు కాబట్టి మత్తు వైద్యుడు మానిటర్ నుంచి కన్ను తిప్పడు, గుండె వేగాన్ని పెంచే అట్రోపిన్ సిరంజి చేతిలో సిద్ధంగా ఉంటుంది. ఒత్తిడి మెత్తని తాకిడిని మోసే లావు పోగులనే ఎక్కువగా దెబ్బతీసి, కంటి ముందు పొరకు రక్షణనిచ్చే సన్న పోగులను చాలావరకు వదిలేస్తుంది. అందుకే నొప్పి కంటి పాయలో ఉన్నవారికి, బల్ల మీద ప్రశ్నలకు జవాబు చెప్పలేని వృద్ధులకు ఇది అనుకూలం. దీనికి చెల్లించే మూల్యం నమిలే కండరం బలహీనపడటం. అది ఎక్కువమందిలో వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది.

మూడవది గ్లిసరాల్. స్టాక్‌హోమ్‌లో స్టెన్ హాకన్సన్ ఈ గ్రంథి ఎక్కడ ఉందో ఎక్స్‌రేలో గుర్తించడానికి ఒక లోహపు పొడిని గ్లిసరాల్‌లో కలిపి ఎక్కించగా, ఇంకా అసలు చికిత్స మొదలు కాకముందే రోగుల నొప్పి ఆగిపోయింది. గ్లిసరాల్‌కే ఆ గుణం ఉందని గ్రహించి 1981లో ఆయన ప్రచురించారు. గ్రంథి చుట్టూ ఉన్న చిన్న నీటి తిత్తిలోకి ఒక మిల్లీలీటరులో మూడవ వంతు పాటి ద్రవం వేసి, అది కదలకుండా రోగిని తల వంచి గంట పైగా కూర్చోబెడతారు. ముఖం మొద్దుబారడం ఇందులో తక్కువ, నొప్పి తిరిగి రావడం త్వరగా.

గామా నైఫ్‌ అనే వికిరణ చికిత్సలో సూది కూడా ఉండదు. లార్స్ లెక్సెల్ 1951లోనే ఈ నొప్పికి వికిరణాన్ని గురిపెట్టారు. తలకు చట్రం బిగించి, కోబాల్ట్ నుంచి వెలువడే దాదాపు రెండు వందల సన్నని కిరణాలు నాడి మీద ఒక్క బిందువులో కలిసేలా చేస్తారు. నొప్పి ఆ రోజే తగ్గదు, వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది కాబట్టి, ముద్ద మింగలేక నీరసించిపోతున్న రోగికి ఇది తొందరగా అక్కరకు రాదు.

ఇక నాడిని గాయపరచని శస్త్రచికిత్స. చాలామంది రోగులలో మెదడుకాండం దగ్గర ఒక రక్తనాళం నాడికి ఆనుకుని, ప్రతి గుండె చప్పుడుతో దాన్ని కొడుతూ ఉంటుంది. కరెంటు తీగ మీది తొడుగు ఒరిపిడికి అరిగినట్టు అక్కడ నాడి పైపొర అరిగి, తాకిడి సంకేతాలు నొప్పి సంకేతాలుగా దారి తప్పుతాయి. బాల్టిమోర్ వైద్యుడు వాల్టర్ డాండీ 1934లోనే ఈ తాకిడిని గుర్తించినా, 1960ల చివర్లో పీటర్ జనెట్టా శస్త్ర సూక్ష్మదర్శిని కింద ఆ రక్తనాళాన్ని జరిపి, నాడికీ దానికీ మధ్య చిన్న మెత్త పెట్టే పద్ధతికి స్థిరమైన రూపమిచ్చారు. ఇప్పుడు మెత్తగా ఎక్కువగా టెఫ్లాన్ దూదిని వాడతారు. చెవి వెనక రూపాయి బిళ్లంత ఎముకను తెరిచి దీన్ని చేస్తారు, ఎండోస్కోప్ సాయంతో ఇంకా చిన్న దారిలో కూడా చేస్తున్నారు. దీనిలో మరణ ప్రమాదం ఉంది, అది వెయ్యిమందిలో కొద్దిమందికే పరిమితం. ఆ పక్క వినికిడి తగ్గే ప్రమాదమూ ఉంది. అందుకు బదులుగా దొరికేది ముఖంలో స్పర్శ పోకుండా చాలాకాలం నిలిచే ఉపశమనం. 1996లో వెలువడిన సుప్రసిద్ధ అధ్యయనంలో 1185 మంది రోగులలో పదేళ్ల తరవాత కూడా 70 శాతం మంది మందు లేకుండా నొప్పికి దూరంగా ఉన్నారు.

సూది పద్ధతుల అంకెలను దీని పక్కన పెట్టి చూడాలి. అమెరికా, యూరప్ నాడీ వైద్య సంఘాలు 2008లో సమీక్షించిన అధ్యయనాల ప్రకారం గ్రంథి మీద సూదితో చేసే చికిత్సల తరవాత వెంటనే దాదాపు 90 శాతం మందికి నొప్పి పోతుంది, అయిదేళ్లకు ఆ సుఖం నిలిచేది సగం మందిలోనే. గామా నైఫ్ తరవాత మూడేళ్లకు మందు లేకుండా ఉండగలిగేవారు కూడా సుమారు సగం మందే. అంటే సూది దారి చెడ్డదని కాదు. ఎనభై ఏళ్ల వృద్ధురాలికి, గుండె బలహీనంగా ఉన్నవారికి, మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్ల నొప్పి వచ్చినవారికి, ఎంఆర్ఐలో ఏ రక్తనాళమూ నాడిని తాకనివారికి అదే సరైన దారి, దాన్ని మళ్లీ చేయించుకోవచ్చు కూడా. కానీ యాభై ఏళ్ల ఆరోగ్యవంతుడికి, రక్తనాళం నాడిని స్పష్టంగా నొక్కుతున్నట్టు ఎంఆర్ఐ చూపుతున్నప్పుడు, కేవలం గాటు చిన్నదన్న కారణంతో సూదిని మొదట ఎంచుకోవడం సరైన ఆలోచన కాదు. ఒకే పద్ధతి చేసే ఆసుపత్రిలో సహజంగానే ఆ పద్ధతి సలహాగా వస్తుంది కాబట్టి, అన్ని పద్ధతులూ చేసే న్యూరోసర్జన్ దగ్గర కనీసం ఒకసారి అభిప్రాయం తీసుకోవడం, ఈ పద్ధతిని ఇంతవరకు ఎంతమందికి చేశారని నేరుగా అడగడం మర్యాద తప్పడం కాదు.

సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు రోగి తనను తాను అడగవలసిన ప్రశ్న మొద్దుబారడం గురించినది. సూది చికిత్స తరవాత దాదాపు సగం మందికి ఆ పక్క ముఖంలో కొంత స్పర్శ పోతుంది. పన్ను పీకే ముందు ఇచ్చే ఇంజెక్షన్ తరవాత పెదవి తనది కానట్టు అనిపించే స్థితిని గుర్తుకు తెచ్చుకుని, అది కొద్ది గంటలు కాక ఏళ్ల తరబడి ఉంటే భరించగలనా అని ఆలోచించాలి. మెరుపు నొప్పితో ఏళ్లు గడిపినవారిలో అత్యధికులు సంతోషంగా ఒప్పుకుంటారు. కానీ కొద్దిమందిలో, సుమారు నాలుగు శాతంలో, స్పర్శ పోయిన చోటే అనస్తీషియా డోలొరోసా అనే ఎడతెగని మంట మొదలవుతుంది, దానికి చికిత్స అసలు జబ్బు చికిత్స కంటే కష్టం. ఈ మాట రోగిని భయపెట్టడానికి కాదు. నాడిని తక్కువగా గాయపరిచి చాలించే వైద్యుడు మంచివాడని, నొప్పి తిరిగి వస్తే మళ్లీ చేద్దామనే మాట అసమర్థత కాదని అర్థం చేసుకోవడానికి.

ఇంటికి వచ్చాక మొదటి జాగ్రత్త కన్ను. కార్నియా అనే కంటి ముందరి పారదర్శక పొరలో స్పర్శ తగ్గితే దుమ్ము పడినా తెలియదు, నలిచినా నొప్పి పుట్టదు, లోపల పుండు పడుతుంది. కాబట్టి రోజూ అద్దంలో కన్ను ఎర్రగా ఉందేమో చూసుకోవడం, వైద్యుడు చెప్పిన చుక్కలు వేసుకోవడం, బండి మీద అద్దాలు పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. మొదటి రోజుల్లో ఆ పక్క పెదవి మీద జ్వరపు పొక్కులు రావడం మామూలే. కాఫీ, పులుసు వేడి నాలుకకు తెలియక నోరు కాలవచ్చు, అందుకని రెండో పక్కతో రుచి చూసి తాగడం మంచిది. భోజనం తరవాత ఆ పక్క చెంపలో అన్నం మిగిలిపోయిందేమో పుక్కిలించి చూసుకోవాలి. నమిలే కండరం బలహీనంగా ఉన్నన్నాళ్లు మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, ఇడ్లీ చాలు. గట్టి అప్పాలు, చెరకు ముక్కలు ఆగవచ్చు.

నొప్పి పోయిన సంతోషంలో కార్బమాజెపిన్‌ను ఒక్కసారిగా ఆపేయకూడదు. దాన్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలని వైద్యుడు రాసిచ్చిన పట్టికను గోడకు అంటించుకుని, ఏ రోజు ఎన్ని మాత్రలు వేసుకున్నారో, ఏ పని చేస్తుంటే చెంప జివ్వుమందో అదే కాగితం మీద తేదీతో రాసుకుంటూ పోతే, నొప్పి మూడేళ్లకో అయిదేళ్లకో మళ్లీ తొంగిచూసినప్పుడు కొత్త వైద్యుడి ముందు పెట్టడానికి అంతకంటే ఉపయోగపడే కాగితం ఉండదు.